ముందు మండలం లెక్క, తర్వాత మార్స్ లెక్క

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులవే. అన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: రేపటి జనాభాను అంచనా వేయడం ఎలా? ఒకరికి మండలం లెక్క కావాలి, ఒకరికి భూగోళం లెక్క, మరొకరికి అంగారకుడి మీద కట్టబోయే కాలనీల లెక్క. మూడింటికీ సూత్రం ఒక్కటే: ఇప్పుడున్నవాళ్లకు పుట్టేవాళ్లనూ వచ్చేవాళ్లనూ కలిపి, చనిపోయేవాళ్లనూ పోయేవాళ్లనూ తీసెయ్యాలి. తప్పు దొర్లే చోటు మాత్రం మూడింటికీ వేరువేరు.

ప్రశ్న: నల్గొండ జిల్లా జనాభా 2001లో 32,47,982. 2011లో 34,88,809. అంటే పదేళ్లకు 7.41 శాతం పెరిగింది. ఇదే శాతం పెట్టి 2051 దాకా లెక్క కడితే తప్పేముంది? – ఇంటర్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: కట్టడం తేలికే. 34.89 లక్షలను 1.0741తో నాలుగుసార్లు గుణిస్తే 2051కి 46.4 లక్షలు. పాత మహబూబ్‌నగర్‌కు కూడా అలాగే కట్టి చూడండి. అక్కడ 2011లో 40,53,028 మంది, పదేళ్ల పెరుగుదల 15.34 శాతం. 2051కి 71.7 లక్షలు వస్తుంది. నలభై ఏళ్లలో ఒక జిల్లా 33 శాతం, దాని పక్కనే ఉన్న జిల్లా 77 శాతం పెరుగుతాయన్నమాట. ఇది నమ్మశక్యంగా లేదు కదా. ఆ తేడాలో పుట్టుకల వాటా ఎంత, వలసల వాటా ఎంత అన్నది ఒట్టి శాతం చెప్పదు. చెప్పని దాన్ని నాలుగుసార్లు గుణించి పెంచడమే ఇక్కడి తప్పు.

పెద్దపెద్దవాళ్లు కూడా ఇక్కడే పడ్డారు. 1920లో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ అనే శాస్త్రవేత్తలు కలిసి అమెరికా పాత లెక్కలకు ఎస్ ఆకారపు గీత అమర్చి, ఆ దేశ జనాభా 19.7 కోట్ల దగ్గర ఆగిపోతుందని తేల్చారు. 2020 జనగణనలో అక్కడ 33.1 కోట్ల మంది తేలారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాన్పులు పెరగడం, బయటి దేశాల నుంచి జనం రావడం ఆ గీతలో లేవు. దీనికి తలకిందుల ఉదాహరణ 1960లో దొరుకుతుంది. హైంజ్ ఫాన్ ఫోర్‌స్టర్, ఆయన సహచరులు ఇద్దరు ‘సైన్స్’ పత్రికలో ఒక సమీకరణం ఇచ్చారు. దాని ప్రకారం 2026 నవంబర్ 13, శుక్రవారం నాడు మనుషుల సంఖ్య అనంతమైపోవాలి. కొంత కొంటెతనంతోనే రాశారు గానీ, సుమారు రెండు వేల ఏళ్ల పాత అంచనాలకు ఆ సమీకరణం చక్కగా అతికింది. అచ్చయిన కొన్నేళ్లకే ప్రపంచ జనాభా వృద్ధి రేటు ఏడాదికి 2 శాతం దాటి శిఖరం చేరి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. ఇప్పుడది 1 శాతం లోపే.

ఇంకో చిక్కు ఎల్లలది. 2016 అక్టోబర్ 11న పాత నల్గొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి. 2019లో నారాయణపేట వచ్చింది. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపువి వికారాబాద్‌లోకి పోయాయి. 2011 ‘మహబూబ్‌నగర్’ను ఇప్పటి మహబూబ్‌నగర్ పక్కన పెట్టి పోల్చితే జనాభా కుప్పకూలినట్టు కనిపిస్తుంది. ఎప్పుడైనా గ్రామాల పట్టికల నుంచి మొదలుపెట్టి, ఇప్పటి ఎల్లల లోపలి ఊళ్లను మాత్రమే కూడండి.

శాతం పద్ధతి పూర్తిగా పనికిరాదని కాదు. నాలుగైదేళ్ల ముందుచూపుకు, ఒక మంచినీళ్ల ట్యాంకు సైజు తేల్చడానికి అది చాలు.

ప్రశ్న: పిల్లలతో మా మండలం జనాభా అంచనా ప్రాజెక్టు చేయిద్దామనుకుంటున్నాం. అసలు పద్ధతి మెట్టుమెట్టుగా చెప్తారా? – ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: జనాభా శాస్త్రంలో వాడేది వయసు గుంపుల పద్ధతి. మొత్తాన్ని ఒక ముద్దగా పెంచరు. ఆడ, మగ వేరుచేసి, ఐదేళ్లకో గుంపు కట్టి, ఒక్కో గుంపును ఐదేళ్లు ముందుకు జరుపుతారు. 20–24లో ఉన్నవాళ్లలో బతికి ఉండేవాళ్లు ఐదేళ్లకు 25–29లోకి చేరతారు. ఖాళీ అయిన 0–4 గడిలోకి కొత్తగా పుట్టినవాళ్లు వస్తారు.

మొదటి అడ్డంకి సమాచారం దగ్గరే. జనగణనలో ఒక్కో ఏడాది వయసు వివరాలు సి–13 పట్టికలో, ఐదేళ్ల గుంపులు సి–14 పట్టికలో ఉంటాయి. అవి జిల్లా స్థాయి దాకానే. ఊరి స్థాయిలో దొరికేది మొత్తం జనాభా, ఆడ, మగ, ఆరేళ్ల లోపు పిల్లలు. కాబట్టి జిల్లా గ్రామీణ ప్రాంతపు వయసు పంపిణీని అరువు తెచ్చుకుని, దాన్ని మీ మండలం మొత్తానికి, ఆరేళ్ల లోపు పిల్లల సంఖ్యకు సరిపోయేలా సర్దండి. బతికే నిష్పత్తులు, వయసువారీ కాన్పుల రేట్లు నమూనా నమోదు వ్యవస్థ ఏటా రాష్ట్రాలవారీగా ఇస్తుంది. దాన్ని ఎస్‌ఆర్‌ఎస్ అంటారు.

ఇక లెక్క. అంకెలు ఉదాహరణ కోసమే. మండలంలో 15–19 ఏళ్ల ఆడవాళ్లు 2,000 మంది, 20–24 వాళ్లు 2,200, 25–29 వాళ్లు 2,100, 30–34 వాళ్లు 1,900, 35–39 వాళ్లు 1,700 అనుకోండి. ఏడాదిలో వెయ్యి మందికి కాన్పులు వరుసగా 30, 160, 110, 35, 10 అనుకోండి. ఈ ఐదూ కూడితే 345. ఒక్కో గుంపులో ఐదేళ్లు ఉంటాయి కాబట్టి 5తో గుణించి వెయ్యితో భాగిస్తే 1.725. ఒక స్త్రీకి జీవితకాలంలో సగటున పుట్టే పిల్లలు ఇంతమంది. పేపర్లలో టీఎఫ్ఆర్ అని రాసేది దీన్నే. తరానికి తరం సరిపోవాలంటే ఇది 2.1 దగ్గర ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకు వచ్చింది 1.8.

గుంపువారీగా గుణిస్తే ఏడాదికి 60, 352, 231, 66, 17, మొత్తం సుమారు 726 కాన్పులు. ఐదేళ్లకు 3,630. ప్రకృతి సహజంగా 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుడతారు కాబట్టి ఆడపిల్లలు 48.8 శాతం, అంటే 1,771. వాళ్లలో 97 శాతం బతికి 0–4 గడిలో చేరితే 1,718. ఇప్పుడు దీన్ని 20–24 గుంపులోని 2,200తో పోల్చండి. రేపటి తల్లుల తరం ఇప్పటికంటే దాదాపు ఐదో వంతు చిన్నది. అయినా మండలం మొత్తం జనాభా ఇంకొన్నేళ్లు పెరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే చనిపోయే వయసులో ఉన్న ముసలివాళ్ల గుంపులు ఇంకా చిన్నవి. ఈ ఊపును పిల్లలకు పట్టిక మీద చూపించండి, వెంటనే అర్థమవుతుంది.

పిల్లలు చేసే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే ఉంటాయి. కాన్పుల లెక్కకు మొదటి ఏడాది ఆడవాళ్ల సంఖ్య వాడేస్తారు. వాడాల్సింది ఐదేళ్ల మొదటి, చివరి సంఖ్యల సగటు. పై ఉదాహరణలో తేలిక కోసం మేమూ మొదటి ఏడాది సంఖ్యలే వాడాం. సరిగ్గా చేస్తే, 15–19లోని 2,000 మందిలో 1,990 మంది ఐదేళ్లకు 20–24లోకి వస్తారనుకోండి. సగటు 2,200 కాదు, 2,095. ఆ ఒక్క గుంపులోనే ఏడాదికి 17 కాన్పులు తగ్గుతాయి. ఇంకోటి, 80 దాటినవాళ్ల గడి. దానికి 75–79 నుంచి వచ్చేవాళ్లతో పాటు అప్పటికే ఆ గడిలో ఉండి బతికినవాళ్లనూ కలపాలి. చాలామంది రెండోది మరిచిపోతారు. ఒక్క దెబ్బకు ముసలివాళ్లు మాయమవుతారు.

అన్నిటికంటే మొండి సమస్య వయసు. జనగణనకు ఇంటింటికీ వచ్చే ఎన్యూమరేటర్ “వయసెంత?” అంటే “నలభై ఉంటది”, “యాభై ఉంటయేమో” అన్న జవాబులే ఎక్కువ. దాంతో 40, 45, 50 దగ్గర జనం గుట్టలు పడతారు. 39, 41 ఖాళీగా కనిపిస్తాయి. ఈ గుట్టలు కొలవడానికి విపుల్ సూచిక ఉంది. 23 నుంచి 62 ఏళ్ల వాళ్లలో 0తో గానీ 5తో గానీ ముగిసే వయసులవాళ్లను లెక్కించి, 5తో గుణించి, 23–62 మొత్తంతో భాగించి, 100తో గుణించండి. 100 వస్తే గుట్టలు లేనట్టు. 500 వస్తే అందరూ 0తో గానీ 5తో గానీ ముగిసే వయసులే చెప్పినట్టు. 125 దాటితే ఆ పట్టిక ముతకదని అర్థం. ఒక్కో ఏడాది వయసు అంకె మీద ఏ నిర్ణయమూ ఆధారపడనివ్వకండి.

ప్రశ్న: మా ఊరోళ్లు సగం మంది దసరా అయినంక బొంబాయి, పుణె పోయి ఉగాదికి వస్తరు. జనాభా లెక్కల్లో వీళ్లు మా ఊరోళ్లా, బొంబాయోళ్లా? – పాఠకుడు, నారాయణపేట జిల్లా

జవాబు: మీ ప్రశ్నలోనే పాలమూరు లెక్కలోని అసలు ముడి ఉంది. 2011లో ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ ఒక చుట్టు తిరిగి పుట్టుకలు, చావులు సరిచేశారు. ఆ ఇరవై రోజుల్లో ఎప్పుడైనా ఇంట్లో ఉన్నవాళ్లను ఊళ్లో రాస్తారు. మొత్తం ఇరవై రోజులూ లేనివాళ్లను ఊళ్లో రాయరు, ఎక్కడుంటే అక్కడే రాస్తారు. ఇల్లూ వాకిలీ లేకుండా రోడ్డు పక్కన, నిర్మాణ స్థలాల్లో పడుకునేవాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కిస్తారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఏ లెక్కలోకీ రారు. దసరాకూ ఉగాదికీ మధ్య సరిగ్గా ఫిబ్రవరి పడుతుంది. కాబట్టి కూలీలను కూడగట్టి తీసుకుపోయే గుంపుమేస్త్రీ వెంట పోయిన మీ ఊరి కుటుంబాలు కాగితం మీద చాలావరకు బొంబాయోళ్లే. 2027 జనగణనకు కూడా మార్చి 1 తేదీనే ప్రామాణికంగా పెట్టారు.

దీనివల్ల ఊరి జనాభా తగ్గడమే కాదు, ఆకారమూ మారుతుంది. 20 నుంచి 40 ఏళ్ల గుంపులు సన్నబడి, ముసలివాళ్లు, బడి కోసం అమ్మమ్మ దగ్గర వదిలిన పిల్లలు మిగులుతారు. ఆ సన్నటి గుంపుల మీద కాన్పుల రేటు వేస్తే రేపటి పిల్లలూ తగ్గిపోతారు. కానీ నిండు చూలాళ్లు చాలామంది పురిటికి తల్లిగారింటికే వస్తారు.

ఎంతమంది పోయారో పట్టుకోవడానికి ఒక చవకైన ఉపాయం ఉంది. 2001లో 10–14 ఏళ్ల మగపిల్లలు వెయ్యి మంది ఉన్నారనుకోండి. 2011లో వాళ్లే 20–24లో ఉండాలి. ఆ వయసులో పదేళ్లలో చనిపోయేవాళ్లు వెయ్యికి ఇరవై మందికి మించరు. 980 మంది కనిపించాల్సిన చోట 800 మందే ఉంటే, 180 మంది పోయారన్నమాట. అలాగే ఆడపిల్లలకూ చూడండి. వాళ్ల విషయంలో పెళ్లి వలస కూడా కలుస్తుంది కాబట్టి మండలం మొత్తం మీద చూస్తేనే అర్థం ఉంటుంది.

రేషన్ కార్డులు, ఓటర్ల జాబితా, ఉపాధి హామీ జాబ్ కార్డులు చూసి సరిపెట్టుకుందామంటే జాగ్రత్త. పోయినవాళ్ల పేర్లు వాటిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ రిజిస్టరు, పైవాళ్లకు బడి హాజరు పట్టిక కొంత నయం. పాత వలస రేటును అలాగే ముందుకు లాగకండి. జూరాల ప్రాజెక్టు నీళ్లు, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారిన చోట పోయేవాళ్లు తగ్గారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బీహార్ నుంచి వచ్చిన హమాలీలు పనిచేస్తున్నారు. వలస గుర్తు మైనస్ నుంచి ప్లస్‌కు మారడానికి పదేళ్లు చాలు.

ప్రశ్న: ప్రపంచ జనాభా 1,030 కోట్లకు చేరుతుందని ఐక్యరాజ్య సమితి అంటోంది. 970 కోట్ల దగ్గరే ఆగుతుందని ఇంకెవరో అంటున్నారు. ఎవరిని నమ్మాలి? – పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ఇద్దరూ వాడేది ఇంచుమించు పైన చెప్పిన గుంపుల పద్ధతే. ఐక్యరాజ్య సమితి 2024 అంచనా ప్రకారం జనాభా 2080ల మధ్యలో సుమారు 1,030 కోట్లకు చేరి, 2100 నాటికి 1,020 కోట్లకు దిగుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని ఐహెచ్ఎమ్ఈ అనే ఆరోగ్య గణాంకాల సంస్థ 2020లో ‘లాన్సెట్’లో వేసిన లెక్కలో శిఖరం 2064లోనే, 973 కోట్లు. 2100కి 879 కోట్లే. తేడా అంతా ఒకే చోట ఉంది: ముఖ్యంగా ఆఫ్రికాలో ఆడపిల్లల చదువు, గర్భనిరోధక సాధనాల అందుబాటు పెరిగేకొద్దీ కాన్పులు ఎంత తొందరగా తగ్గుతాయి, తగ్గాక మళ్లీ ఎంత లేస్తాయి అన్నది.

ఆ ఒక్క అంకె ఎంత సున్నితమో చూడండి. ఐక్యరాజ్య సమితి తన మధ్యస్థ అంచనాకు ఒక స్త్రీకి అర బిడ్డ కలిపి ఒకటి, అర బిడ్డ తీసి ఒకటి లెక్కలు వేస్తుంది. 2100 నాటికి మొదటిది 1,400 కోట్లు దాటుతుంది, రెండోది 700 కోట్ల దగ్గర ఉంటుంది. సగటున ఒక స్త్రీకి అర బిడ్డ అటూ ఇటూ అయితే ఒక లెక్క ఇంకోదానికి రెండింతలు.

అయినా ప్రపంచం మొత్తం లెక్క మండలం లెక్క కంటే తేలిక. భూమి నుంచి ఎవరూ పోరు, ఎవరూ రారు. వలస గడి సున్నా. ఒక దేశానికి ఎక్కువ వేస్తే ఇంకో దేశానికి తక్కువ వేసి ఉంటారు, తప్పులు కొంత రద్దయిపోతాయి. 1958లో ఐక్యరాజ్య సమితి 2000 సంవత్సరానికి 628 కోట్లు అని చెప్పింది. వచ్చింది 610 కోట్ల పైచిలుకు. నలభై ఏళ్ల ముందుచూపుకు అది చాలా దగ్గరి గురి. అదే ఒక్కో దేశానికి చూస్తే అంత బాగుండదు.

మా మాట అడిగితే, ఒక్క అంకె ఇచ్చేవాళ్లను కాదు, పరిధి ఇచ్చేవాళ్లను నమ్మండి. ఈ శతాబ్దంలోనే శిఖరం వచ్చే అవకాశం 80 శాతమని ఐక్యరాజ్య సమితి చెప్పడం అలాంటిదే. మన దేశం 2060ల మొదట్లో 170 కోట్ల దగ్గర శిఖరం చేరుతుందన్నది అదే అంచనా.

ప్రశ్న: ఇక్కడ జనం ఎక్కువైతే మార్స్‌కు పంపితే సరిపోదా? – పదో తరగతి విద్యార్థిని, గద్వాల

జవాబు: సరిపోదు. భూమి మీద ఏటా సుమారు 13 కోట్ల మంది పుడతారు, 6 కోట్ల పైచిలుకు చనిపోతారు. మిగిలేది 7 కోట్లు. రోజుకు 1.9 లక్షలు. ఒక్కో నౌకలో వంద మందిని కూర్చోబెట్టినా, జనాభా పెరగకుండా ఉండాలంటేనే రోజుకు 1,900 నౌకలు లేవాలి. 2000 నవంబర్ నుంచి మనుషులు ఆగకుండా ఉంటున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మామూలుగా ఉండేది ఏడుగురు.

ప్రశ్న: సరే, మార్స్ మీద కాలనీ నిజంగానే పెట్టారనుకుందాం. అక్కడి జనాభా ఎలా అంచనా వేయాలి? పది లక్షల మంది ఉంటారన్న మాట సాధ్యమేనా? – ఇంజినీరింగ్ విద్యార్థి, వనపర్తి

జవాబు: చాలామంది ఇక్కడ భూమి లెక్క ఎత్తుకుని పోయి మార్స్ మీద పెడతారు: వెయ్యి మందితో మొదలుపెట్టి, ఏటా 2 శాతం పెంచి, ఎన్నేళ్లకు పది లక్షలవుతారో చూస్తారు. అది తప్పు నమూనా. మార్స్ కాలనీ భూగోళం లాంటిది కాదు, నారాయణపేట జిల్లా ఊరు లాంటిది. దాని జనాభాను తేల్చేది వలసే.

కాన్పుల గడిలో ముందు సున్నా వేయండి. ఇప్పటిదాకా అంతరిక్షంలో ఒక్క బిడ్డా పుట్టలేదు. మార్స్ గురుత్వం భూమిలో 38 శాతం. అందులో మనిషి గర్భం ఎలా నిలుస్తుందో ఎవరూ చూడలేదు. ఏ కాలనీ అయినా మొదట్లో కాన్పులు వద్దనే అంటుంది.

మార్స్‌కు దారి సుమారు 26 నెలలకోసారి తెరుచుకుంటుంది. ఒక్కో దఫాకు వంద మంది వస్తారు, అప్పటికే ఉన్నవాళ్లలో 30 శాతం తిరిగి పోతారు అనుకోండి. మొదటి దఫాకు 100. రెండో దఫాకు 70కి 100 కలిసి 170. మూడోదానికి 119కి 100 కలిసి 219. ఇలా పోతూ పోతూ 333 దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే 333లో 30 శాతం వంద. వచ్చినంతమంది పోతుంటారు. అదే తిరిగిపోయేవాళ్లు 10 శాతమే అయితే ఆగేది 1,000 దగ్గర, 5 శాతమైతే 2,000 దగ్గర. పది దఫాలకు, అంటే దాదాపు 20 ఏళ్లకు, ఈ మూడు లెక్కల్లో వచ్చేది వరుసగా 324, 651, 803. ఎంతమందిని పంపారన్నది అందరూ అడుగుతారు. ఎంత శాతం ఇంటికొస్తున్నారన్నది అడగండి.

పది లక్షలకు వద్దాం. ఎవరూ తిరిగి రాకుండా, ఎవరూ చావకుండా ఉంటే వంద మంది పట్టే నౌకలు పది వేల ట్రిప్పులు కొట్టాలి. ఇరవై దఫాల్లో పూర్తి చేయాలంటే దఫాకు 500 నౌకలు. దఫాకు 10 శాతం తగ్గుతారనుకుంటే దఫాకు 1,140 నౌకలు కావాలి. ఇరవై దఫాలంటే నలభై ఏళ్లు దాటుతుంది. ముప్ఫై ఏళ్ల వయసులో మొదటి దఫాలో పోయినవాళ్లు అప్పటికి డెబ్బై దాటి ఉంటారు. వాళ్లను చూసుకునే చేతులనూ లెక్కలో పెట్టాలి.

దసరాకు పోయి ఉగాదికి వచ్చే వలస ఇక్కడ కుదరదు. క్యూరియాసిటీ రోవర్ మోసుకెళ్లిన పరికరం కొలిచింది: ప్రయాణంలో రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టుల రేడియేషన్, మార్స్ నేల మీద 0.67. ఆరేసి నెలలు పోనూ రానూ ప్రయాణానికే 650 అవుతుంది. నాసా తన వ్యోమగాములకు ఉద్యోగ జీవితం మొత్తానికి పెట్టిన హద్దు 600. కాబట్టి ఒకసారి వచ్చి పోయినవాళ్లు రెండోసారి రారని పెట్టుకోండి. ప్రతి దఫాకూ కొత్తవాళ్లే కావాలి.

పై హద్దును తేల్చేది చోటు కాదు, గాలి. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. ఒక దఫా నుంచి ఇంకో దఫాకు 780 రోజులు, అంటే మనిషికి 655 కిలోలు. ఇవతలి నుంచి మోయడం కుదరదు, అక్కడే తయారుచేయాలి. మూసిన గదిలో అది ఎంత కష్టమో అరిజోనాలో 1991–93లో నడిచిన బయోస్ఫియర్–2 చూపించింది. 1.27 హెక్టార్ల గాజు మేడలో ఎనిమిది మంది ఉన్నారు. ఆక్సిజన్ 20.9 శాతం నుంచి పదహారు నెలల్లో 14.5 శాతానికి పడిపోయి, బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. పంటలకని వేసిన బలమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తాగేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొక్కలకు తిరిగి దక్కాల్సింది. సిమెంటు గోడలు పీల్చుకున్నాయి. అందుకే కాలనీ జనాభా అంచనాలో ‘ఎన్ని గదులు’ అని కాక, ‘ఒక యంత్రం ఆగితే మిగతావి ఎంతమందిని బతికిస్తాయి’ అని రాసుకోండి.

ప్రశ్న: కాలనీ నిలబడాలంటే కనీసం ఎంతమంది కావాలి? ఒకచోట 98 అని, ఒకచోట 110 అని, ఒకచోట 40 వేలని చదివాను. – పాఠకుడు, అచ్చంపేట

జవాబు: మూడూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు. 98 అన్నది ఫ్రెడెరిక్ మరాన్, కమీ బెలుఫీ 2018లో వేసిన లెక్క. 6,300 ఏళ్ల నక్షత్ర ప్రయాణంలో, ఎవరు ఎవరితో పిల్లల్ని కనాలో ముందే నియమం పెడితే సరిపోయే సంఖ్య అది. 110 అన్నది జాన్–మార్క్ సలోటి 2020లో మార్స్‌కు వేసింది. అందులో జన్యువుల ఊసే లేదు. రోజు పని గంటల్లో గాలి, నీరు, తిండి, మరమ్మతులు అన్నీ తెమలాలంటే ఎన్ని చేతులు కావాలన్నదే ప్రశ్న. 40 వేలన్నది కామెరాన్ స్మిత్ 2014లో చెప్పింది. మధ్యలో ఒక పెద్ద రోగమో ప్రమాదమో వచ్చి సగానికి పైగా పోయినా మిగిలినవాళ్లలో జన్యు వైవిధ్యం నిలవాలన్నది ఆయన షరతు.

చిన్న సంఖ్యల్లో ముందు దెబ్బ తీసేది అదృష్టం. ఒక ఏడాది పది మంది పుడితే, వాళ్లలో ఎనిమిది మందో అంతకంటే ఎక్కువో ఒకే లింగం అయ్యే అవకాశం 11 శాతం. ఇరవై ఏళ్ల తర్వాత పెళ్లి ఈడు వచ్చేసరికి వాళ్లలో సగానికి పైగా జోడీ దొరకదు. వేల మందిలో ఇది సర్దుకుంటుంది, వంద మందిలో సర్దుకోదు.

తర్వాతిది చుట్టరికం. మన దగ్గర ఇంటిపేరు ఒకటైతే సంబంధం కలుపుకోరు గానీ మేనరికం చేసుకుంటారు. మేనబావను చేసుకుంటే పుట్టే బిడ్డకు ఒకే పూర్వికుడి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామను చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. మూసిన కాలనీలో ఎవరూ మేనరికం చేసుకోకపోయినా ఆ అంకె తరతరానికీ పెరుగుతుంది. పిల్లల్ని కనేవాళ్లు సమర్థంగా వంద మంది ఉంటే తరానికి అర శాతం చొప్పున, 13 తరాలకు 6.3 శాతం, అంటే పదహారింట ఒకటి అవుతుంది. సుమారు 325 ఏళ్లకు కాలనీలో ప్రతి బిడ్డా మేనరికపు బిడ్డతో సమానం. యాభై మందే అయితే ఆరేడు తరాలకే ఆ స్థితి. ఇక్కడ ‘సమర్థంగా వంద’ అంటే తలలు లెక్కపెడితే అంతకు బాగా ఎక్కువ ఉండాలి. ముసలివాళ్లు, పిల్లలు, పిల్లల్ని కననివాళ్లు అందులోకి రారు.

కొత్త రక్తం వస్తూ ఉంటే ఈ భయం చాలావరకు పోతుంది. మార్స్‌కు 26 నెలలకోసారి నౌక వస్తున్నంతకాలం జన్యువులు కాదు, పని చేతులే హద్దు. అందుకే అక్కడికి 110 లాంటి లెక్క దగ్గర, 40 వేలు దూరపు నక్షత్రాలకు.

ప్రశ్న: అంతరిక్షంలో గిరగిరా తిరిగే కాలనీల్లో లక్షల కోట్ల మంది ఉండొచ్చంటారు. మనుషులు తొందరలోనే అంతరించిపోతారని ఇంకో గణితం ఉందట. రెండూ ఎలా పొసుగుతాయి? – డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: మొదటిది సామర్థ్యం, జోస్యం కాదు. 1974లో ప్రిన్స్‌టన్ ఆచార్యుడు జెరార్డ్ ఓనీల్ ఈ ఊహను ముందుకు తెచ్చాడు. 1975లో నాసా ఏమ్స్ కేంద్రంలో వేసవి అధ్యయనం చేసి ఒక చక్రం నమూనా గీశారు. సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసం, నిమిషానికి ఒక చుట్టు, 10 వేల మంది జనం. రేడియేషన్ ఆపడానికి చుట్టూ కోటి టన్నుల చంద్రుడి మట్టి. మనిషికి వెయ్యి టన్నులు. అంతరిక్ష కేంద్రం మొత్తం బరువు 420 టన్నులని గుర్తుపెట్టుకుంటే దూరం అర్థమవుతుంది.

రెండోది ఖగోళ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ గాట్ 1993లో ప్రచారంలోకి తెచ్చిన వాదన. ఇప్పటిదాకా పుట్టిన మనుషులు సుమారు 11,700 కోట్లని ఒక అంచనా. పుట్టబోయేవాళ్లనూ కలిపిన మొత్తం వరుసలో మనం మరీ మొదట్లోనో మరీ చివర్లోనో లేమనుకుంటే, 95 శాతం నమ్మకంతో ఇక పుట్టేవాళ్లు ఇప్పటిదాకా పుట్టినవాళ్లలో 39వ వంతుకూ 39 రెట్లకూ మధ్య ఉండాలి. అంటే 300 కోట్ల నుంచి 4.56 లక్షల కోట్ల దాకా. ఏడాదికి 13.2 కోట్ల కాన్పులు ఇలాగే సాగితే 23 ఏళ్ల నుంచి 34,600 ఏళ్ల దాకా. అంతరిక్ష కాలనీల వల్ల కాన్పులు వంద రెట్లయితే పై హద్దు 346 ఏళ్లకే చేరిపోతుంది. జనం ఎంత విస్తరిస్తే అంత తొందరగా కోటా అయిపోతుందన్నమాట, విడ్డూరంగా. ఈ వాదనలో వయసులు లేవు, ఆడవాళ్లు లేరు, వలస లేదు. తర్కం ఇష్టమైనవాళ్లకు మంచి కాలక్షేపం. బడి గదులు ఎన్ని కట్టాలో తేల్చడానికి పనికిరాదు.

ప్రశ్న: ఈ లెక్కలకు సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? – పాఠకురాలు, భువనగిరి

జవాబు: స్పెక్ట్రమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డెమ్‌ప్రోజ్ అనే భాగం వయసు గుంపుల లెక్క వేస్తుంది. ఒక్క మండలానికి ఎక్సెల్ చాలు: నిలువు గడుల్లో సంవత్సరాలు, అడ్డం వరుసల్లో 17 వయసు గుంపులు, ఆడ మగ రెండు షీట్లు, కాన్పులకూ వలసకూ చెరో షీటు. వలస షీటును మూడు ప్రతులు చేసి ఉంచండి: ఇప్పటిలా, సగానికి తగ్గి, సున్నా అయి. 2027 జనగణన వయసు పట్టికలు రాగానే 2011 అంకెల మీద పైపైన దిద్దకండి. మొదటి గడి నుంచి కొత్తగా వేయండి.